కోయిలకుంట్ల నుంచి రెడ్డిపల్లి దాకా: కఠిన శిక్షల కథ

అనంతపురంలో తాడిపత్రి బస్సెక్కితే బుక్కరాయసముద్రం దాటాక రెడ్డిపల్లి వస్తుంది. 1965లో మొదలైన ఖైదీల వ్యవసాయ క్షేత్రం అక్కడే ఉంది. 1,400 ఎకరాల పైచిలుకు నేల. జనం నోట్లో అది ఓపెన్ జైలు. శిక్షలో కొంతకాలం గోడల మధ్య గడిపి, నడవడి బాగుందనిపించుకున్నవాళ్లను ఇక్కడికి పంపుతారు. సేద్యం చేస్తారు, పశువులను చూసుకుంటారు. బస్సులో ఎవరో ఒకరు అననే అంటారు: "మనిషిని నరికినోనికి ఇదేం శిక్షప్పా? నాలుగు తగిలించి చీకటి కొట్లో పారేస్తే గదా ఇంకోడు భయపడేది!"

ఆ మాట వెనక కడుపుమంట ఉంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి అలా అంటే ఎదురు చెప్పే ధైర్యం నాకు లేదు. అయితే కఠిన శిక్ష అనే ఆ మందు మన సీమకు కొత్తది కాదు.

1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని జనం చూస్తుండగా ఉరితీశారు. అంతటితో వదల్లేదు. ఆ తలను 1877 దాకా, ముప్పై ఏళ్లు, అక్కడే వేలాడదీశారు. అమ్మ చంకనుండి దాన్ని చూసిన పిల్లలు పెద్దయి, తమ బిడ్డలనెత్తుకుని అదే దారిన నడిచి ఉంటారు. ఆయన దొంగ కాదు, తిరగబడ్డవాడు. కానీ కుంఫిణీ లెక్క ఒకటే: చూసినవాడు జడుసుకోవాలి. రేనాటి పల్లెల్లో భయం నిలవలేదు, ఆయన మీద కట్టిన పాట నిలిచింది.

జైళ్లనూ ఆ లెక్కతోనే కట్టారు. మెకాలే సభ్యుడిగా ఉన్న కమిటీ 1838లో నివేదిక ఇచ్చింది. ఖైదీని చదువుతో, బోధనతో మార్చే ఆలోచనను పక్కనపెట్టి, విసుగు పుట్టించే పని చేయించమంది. 1894 జైళ్ల చట్టం 30 బెత్తం దెబ్బల దాకా అనుమతించింది. బెత్తం మందం అర అంగుళానికి తగ్గకూడదు. పిరుదుల మీదే కొట్టాలి. విడతలుగా కొట్టకూడదు. సూపరింటెండెంటు, డాక్టరు ఎదుటే ఉండాలి. పదహారేళ్ల లోపు పిల్లలకైతే బడిలో కొట్టినట్టు, ఇంకాస్త తేలికైన బెత్తంతో. చట్టంలో ఉన్న సంగతే ఇది. చదివిన ప్రతిసారీ అక్కడే ఆగిపోతాను.

1911లో నేరస్థ తెగల చట్టం మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకల ఇళ్లలో పుట్టినవాళ్లు ఏ తప్పూ చేయకుండానే పోలీసు రిజిస్టరుకెక్కారు. మద్రాసులో ఆ చట్టం 1947లో రద్దయింది, దేశమంతటా పోయేసరికి 1952 అయింది.

శిక్ష మనిషిని బాగుచెయ్యాలి కూడా అని ప్రభుత్వ కమిటీ గట్టిగా చెప్పింది 1919-20లో, కార్డ్యూ అధ్యక్షతన. మన రాష్ట్రం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన మహమ్మద్ గియాసుద్దీన్ కేసులో 1977లో జస్టిస్ కృష్ణయ్యర్ అదే దారి పట్టారు, శిక్ష తగ్గించారు.

మరి భయం మాటేమిటి? హత్యకు ఉరో యావజ్జీవమో ఫ్యాక్షన్ రోజుల్లోనూ ఉంది. అంతకన్నా పెద్ద శిక్ష ఏముంటుంది? అయినా కత్తులు ఆగలేదు, నాటు బాంబులు ఆగలేదు. సాక్షులు అడ్డం తిరుగుతారని, కేసు ఏళ్లకేళ్లు నడుస్తుందని, చివరికి పెద్దమనుషులు రాజీ చేస్తారని నరికేవాడికి తెలుసు. శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, తప్పించుకోలేమన్న నమ్మకమే మనిషిని ఆపుతుందని ఇటలీ ఆలోచనాపరుడు బెక్కారియా 1764లోనే రాశాడు. ఉరిశిక్ష యావజ్జీవం కన్నా ఎక్కువగా నేరాలను ఆపుతుందనడానికి ఆధారం లేదని 2015లో మన లా కమిషన్ తేల్చింది. ఇటు చూస్తే దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో నూటికి 75 మంది దాకా ఇంకా విచారణలో ఉన్నవాళ్లే. నేరం రుజువు కాకముందే జైలు కూడు తింటున్నవాళ్లు. కాఠిన్యం ముందు వీళ్ల మీదే పడుతుంది.

రెడ్డిపల్లిని చూపించి మెతకదనం గెలిచిందనను. అక్కడికి వచ్చేది ఏరికోరి పంపినవాళ్లు, వాళ్లను మిగతా ఖైదీలతో పోల్చడం సరికాదు. నేనడిగేది ఒకటే. శిక్ష పెంచమని కేకలేసేముందు, సాక్షికి రక్షణ కావాలని, కేసు త్వరగా తేలాలని అంతే గట్టిగా అడుగుదాం.

ఒకసారి రెడ్డిపల్లి స్టేజీలో నడివయసు మనిషి ఒకాయన చేతిసంచితో బస్సెక్కాడు. మడిచిన పెరోల్ కాగితం చొక్కా జేబులో పైకి కనిపిస్తోంది. చిల్లర లెక్కపెట్టి కండక్టరు చేతిలో పెట్టాడు. సరిపోలేదు. చార్జీలు పెరిగిన సంగతి ఆయనకు తెలీదు.