చెరువు కట్ట, వరద కట్ట: అపోహలు - వాస్తవాలు

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. అదీ నెమ్మదిగా కాదు, వాయుగుండం పట్టిందంటే రెండు మూడు రోజుల్లో కుమ్మరించి పోతుంది. 2015 నవంబరులో జిల్లాలో చెరువులకు గండ్లు పడ్డాయి. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. మట్టి కట్టల పని చేసే ఇంజనీరుగా నేను ఊళ్లలో వినే మాటలు కొన్ని నిజంగా ప్రమాదకరమైనవి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "ఈ కట్ట దగ్గర నీళ్లే ఉండవు, దానికేం ప్రమాదం?"

నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టే మాట ఇదే. ఊరికి ఎగువన వాగు మీద వరదను కాసేపు నిలపడానికి కట్టిన చిన్న కట్టలు ఏడాదంతా ఎండిపోయే ఉంటాయి. కింద ఉన్న చిన్న తూము గుండా నీళ్లు వచ్చినవి వచ్చినట్టు పోతుంటాయి. సాగు చెరువు ఏటా నిండుతుంది కాబట్టి ఎక్కడ ఊరుతోందో, ఎక్కడ కుంగుతోందో రైతులకు కనబడుతుంది. వరద కట్టకు ఆ అవకాశం లేదు. దానికి పరీక్ష వచ్చేది వరద వచ్చిన రాత్రే. వరసగా కరువు పడి, ఏళ్ల తరబడి నిండని ప్రకాశం జిల్లా మెట్ట చెరువులదీ ఇదే పరిస్థితి.

నల్లరేగడి కలిసిన కట్ట ఎండకు నెర్రెలు విచ్చుతుంది. కట్ట పొడవునా వచ్చే నెర్రె కంటే, కట్టకు అడ్డంగా లోపలి వైపు నుంచి బయటి వైపుకు వెళ్లే నెర్రె చాలా ప్రమాదం. నీళ్లు ఒక్కసారిగా ఎక్కితే అదే వాటికి దారి. పైన నాలుగు పారల మట్టి చల్లితే నెర్రె కనబడకుండా పోతుంది, పూడదు. నెర్రె అడుగు దాకా తవ్వి, తడి మట్టిని అర అడుగు పొరలుగా వేసి, ఒక్కో పొరనూ దిమ్మిస కొట్టుకుంటూ రావాలి. ఈ పని సెప్టెంబరులోపే అయిపోవాలి.

ఇంకొకటి, తూము నోటికి కంప అడ్డుపడకుండా చూడాలి. నీళ్లు లేనన్నాళ్లూ దాన్ని ఎవరూ పట్టించుకోరు. మొదటి వరదకే ముళ్లకంప, ప్లాస్టిక్ సంచులు వచ్చి మూసేస్తాయి.

అపోహ: "కలుజు మీద ఇసుక బస్తాలు వేస్తే ఇంకో తడికి నీళ్లు దొరుకుతాయి"

కలుజు అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పొర్లిపోయే చోటు. రైతు ఆశ నాకు అర్థమవుతుంది. చివరి తడి అందక పంట పోవడం అంటే ఏమిటో మన జిల్లాల్లో అందరికీ తెలుసు. కానీ లెక్క చూడండి. కలుజు పొడవు 30 మీటర్లు అనుకుందాం. దాని మీద మీటరు ఎత్తున నీళ్లు పారితే సుమారు 50 క్యూమెక్కులు (సెకనుకు 50 ఘనపు మీటర్లు), అంటే దాదాపు 1,800 క్యూసెక్కులు బయటికి పోతాయి. ఇప్పుడు దాని మీద అర మీటరు బస్తాలు పేర్చారు. చెరువులో అదే మట్టానికి కలుజు పారేది 18 క్యూమెక్కులే. అర మీటరు అడ్డం పెడితే సగం తగ్గడం కాదు, మూడో వంతుకు పడిపోతుంది. మిగిలిన వరద చెరువులో పైకెక్కుతూనే ఉంటుంది. చివరికి కట్ట మీదుగా పొర్లుతుంది.

రాతి డ్యాము మీదుగా నీళ్లు పొర్లినా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టి కట్ట తట్టుకోదు. పొర్లే నీళ్లు బయటి వాలును అడుగు నుంచి కోసుకుంటూ పైకొస్తాయి. 1979 ఆగస్టు 11న గుజరాత్‌లో మచ్చు-2 డ్యాము మట్టి కట్టలు అలాగే పోయి మోర్బీ పట్టణం మునిగింది. 2021 నవంబరు 19 తెల్లవారుజామున చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టి కట్ట కూడా వరద పైనుంచి పొర్లే కొట్టుకుపోయింది. ఆ చెయ్యేరు పెన్నలో కలిసి మన సోమశిల జలాశయానికే వస్తుంది. ఎక్కడో కడపలో జరిగిందని మనం అనుకోవడానికి లేదు.

ఇసుక బస్తాలు వెయ్యాల్సిన చోటు వేరే ఉంది. కట్ట మీద బండ్లు, ట్రాక్టర్లు దాటీ దాటీ ఒక చోట పల్లంగా అవుతుంది. పొర్లడం అక్కడే మొదలవుతుంది. వానలకు ముందే ఆ పల్లాన్ని మట్టితో మిగతా కట్ట మట్టానికి తేవాలి. ముంచుకొచ్చినప్పుడు బస్తాలు అక్కడ వెయ్యండి, కలుజును మాత్రం వదిలేయండి. కలుజు కింద వాగులో పొలాలు పెట్టి, ప్లాట్లు వేసి దారి ఇరుకు చేయడం కూడా బస్తాలు పేర్చడం లాంటిదే.

అపోహ: "కట్ట ఊరుతోందంటే పని అయిపోయినట్టే" / "ఊట మామూలే, పట్టించుకోనక్కర్లేదు"

రెండూ తప్పే. మట్టి కట్ట కొంత ఊరుతుంది, అది దాని స్వభావం. చూడాల్సింది మూడు: ఊట తేటగా ఉందా, నిన్నటికంటే పెరిగిందా, కొత్త చోట మొదలైందా. తెల్లటి ప్లాస్టిక్ బాటిల్‌లో ఊటనీళ్లు పట్టి అరగంట కదపకుండా పెట్టండి. అడుగున మట్టి పేరితే కట్ట లోపల కోత మొదలైందని అర్థం. ఎంత వస్తోందో తెలియాలంటే బకెట్టు నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రోజూ ఒకే చోట చూసి రాసిపెట్టండి. చెరువు మట్టం పెరగకుండానే బకెట్టు త్వరగా నిండుతోందంటే వెంటనే ఏఈకి (నీటిపారుదల శాఖ అసిస్టెంట్ ఇంజనీరుకు) ఫోన్ చేయాలి.

ప్రపంచవ్యాప్తంగా తెగిన మట్టి డ్యాముల లెక్కలు చూస్తే పైనుంచి పొర్లి పోయినవి దాదాపు సగం, ఇలా లోపలి కోతతో పోయినవి దాదాపు సగం. వాలు జారి పోయినవి చాలా తక్కువ. లోపలి కోత ఎక్కువగా మొదలయ్యేది తూము పక్కన. రాయి లేదా కాంక్రీటు ఉన్నచోట రోలరు ఆనుకుని తిరగలేదు, మట్టి వదులుగా ఉండిపోతుంది. కట్ట చూడ్డానికి వెళ్తే నేను ముందు తూము బయటి మూతి దగ్గర కూర్చుంటాను. గోడకూ మట్టికీ మధ్య వేలు దూరే సందు, చుట్టుపక్కల అంతా ఎండి ఉన్నా అక్కడ మాత్రం పచ్చగా గడ్డి, ఎండ్రకాయల బొక్కలు... ఇవి కనబడితే ఆ కట్ట నాకు అనుమానమే.

అపోహ: "బుంగ పడితే బయటి వైపు మట్టి కొట్టి మూసేయాలి"

బుంగ అంటే కట్టలోంచి నీళ్లు దూసుకొచ్చే రంధ్రం. మనసుకు తోచేది అదే, చేయకూడనిదీ అదే. బయట మూస్తే లోపల ఒత్తిడి పెరిగి నీళ్లు పక్కన ఇంకో దారి చేసుకుంటాయి. నీళ్లను పోనివ్వాలి, మట్టిని ఆపాలి. ఊట మీద ముందు ముతక ఇసుక, దాని మీద చిన్న కంకర, ఆపైన రాళ్లు వేయాలి. కట్ట అడుగున నేలలోంచి ఇసుక పొంగుతుంటే దాని చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చి లోపల నీళ్లు నిలవనివ్వాలి. మట్టి రావడం ఆగి తేటనీళ్లు వచ్చే ఎత్తు దాకా పేరిస్తే చాలు. లోపలి వైపు సుడి కనబడితే బుంగ నోరు అక్కడుంది, మూయాల్సింది ఆ వైపు. బుంగ పెద్దదై నీళ్లు ఎర్రగా వస్తుంటే మాత్రం బస్తాలు మోసే పని మానేసి ముందు కింది ఇళ్లవాళ్లను లేపండి.

అపోహ: "చెట్ల వేర్లు కట్టను పట్టి ఉంచుతాయి"

గడ్డి పట్టి ఉంచుతుంది. సర్కారు తుమ్మ కాదు. తుఫాను గాలికి చెట్టు కూలితే వేర్లతో పాటు గంపెడు మట్టి లేస్తుంది. చచ్చిన వేర్లు కుళ్లి గొట్టాలవుతాయి. పైగా ఆ కంప కింద పందికొక్కు బొరియలూ పుట్టలూ కనబడవు. చెరువు నిండుగా ఉన్నప్పుడు మాత్రం మోడులు పెకలించొద్దు. ఎండాకాలంలో తీసి, ఆ గుంతలు పొరలుగా పూడ్చాలి.

అపోహ: "వందల ఏళ్ల నుంచి ఉన్న కట్ట, దానికేమవుతుంది?"

కంభం చెరువు విజయనగర కాలం నుంచి నిలిచింది. రెండు కొండల మధ్య సందు మూసి కట్టిన ఆ చోటు ఎంపికే గొప్పది. కానీ నిలిచినవే మనకు కనబడతాయి, తెగిపోయినవి పొలాల్లో కలిసిపోయాయి. పైగా కట్ట పాతదే అయినా వచ్చే వరద పాతది కాదు. ఎగువన గొలుసుకట్టులో (ఒకదాని మిగులు నీళ్లు ఇంకోదానికి చేరే చెరువుల వరసలో) ఒక చెరువు పూడిపోయినా, ఒకటి తెగినా ఆ నీళ్లన్నీ కింది చెరువుకే.

అపోహ: "ప్రమాదం ఉంటే ప్రభుత్వం వాళ్లే చూస్తారు కదా"

2021 డ్యామ్ సేఫ్టీ చట్టం 15 మీటర్లకు మించిన డ్యాములకూ, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల మధ్య ఎత్తున్నవాటికీ వర్తిస్తుంది. మన ఊరి చెరువు కట్టలు దాదాపు అన్నీ అంతకంటే చిన్నవి. ఆ చట్టం అడిగే వానలకు ముందు తనిఖీ, వానల తర్వాత తనిఖీ వీటికి తప్పనిసరి కాదు. అలాగని వీటి వెనక ఉన్న నీళ్లు తక్కువేం కాదు. 50 ఎకరాల్లో సగటున రెండు మీటర్ల లోతు నిలిస్తే 4 లక్షల ఘనపు మీటర్లు. అది ఒక్క రాత్రిలో కింది ఊరి మీద పడుతుంది.

కాబట్టి ఆయకట్టు రైతులే నలుగురు కలిసి అక్టోబరుకు ముందు ఒకసారి, సంక్రాంతి తర్వాత ఒకసారి కట్ట ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. వెళ్లేటప్పుడు కట్ట పైన, వచ్చేటప్పుడు బయటి వైపు అడుగున. చూసినవి ఫోన్‌లో ఫొటోలు తీసి, కలుజు నుంచి ఎన్ని అడుగుల దూరమో రాసి, సచివాలయంలో అర్జీతో పాటు ఇచ్చి రసీదు తీసుకోండి. "కట్ట బాగాలేదు" అన్న అర్జీ కంటే "కలుజుకు 200 అడుగుల దూరంలో, బయటి వాలు అడుగున, మట్టి నీళ్ల ఊట" అన్న అర్జీకి ఎస్టిమేటు వేయడం మాకు చాలా సులువు.