అమెరికా ఎన్ని గంటల దూరం? అపోహలు - వాస్తవాలు

బెంగళూరు మారతహళ్లిలో విమాన టికెట్లు బుక్ చేయడం నా పని. పిల్లల దగ్గరికి అమెరికా బయలుదేరే కడప, అనంతపురం పెద్దవాళ్లు ఎక్కువగా వస్తుంటారు. వాళ్లు అడిగేవి దాదాపు ఇవే.

అపోహ: అమెరికాకు పడమటి దారే దగ్గర.

గోడ మీది మ్యాప్ చూస్తే అలాగే అనిపిస్తుంది. గ్లోబు మీద బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దారం బిగించి చూడండి. అది ఉత్తరానికి ఎక్కి, ఆర్కిటిక్ మీదుగా అటువైపు దిగుతుంది. సుమారు 14,000 కిలోమీటర్లు. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఎయిర్ ఇండియా తొలి నాన్‌స్టాప్ (మధ్యలో ఆగని విమానం) ఉత్తర ధ్రువం మీదుగానే వచ్చింది. నడిపిన పైలట్లంతా మహిళలే.

అపోహ: 9న ఎక్కి 11న దిగితే రెండు రోజుల ప్రయాణం.

పైన చెప్పిన విమానం సరిగ్గా అలాగే వచ్చింది: 9 రాత్రి బయలుదేరి 11 తెల్లవారుజామున దిగింది. గాల్లో ఉన్నది మాత్రం 17 గంటలే. టికెట్ మీద ప్రతి టైమూ ఆ ఊరి టైమే. శాన్‌ఫ్రాన్సిస్కోకూ మనకూ తేడా చలికాలంలో పదమూడున్నర గంటలు, ఎండాకాలంలో పన్నెండున్నర. అందుకే ఒక టైములోంచి ఇంకో టైమును నేరుగా తీసివేయకండి. ‘మొత్తం ప్రయాణ సమయం’ అని విడిగా రాసి ఉంటుంది, అది చూడండి.

అపోహ: భూమి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమటికి వెళ్తే తొందరగా చేరతాం.

ఇంజనీరింగ్ చదివినవాళ్లూ అంటారీ మాట! భూమితో పాటు గాలీ తిరుగుతుంది. నడిచే రైల్లో ఎగిరి దూకినా మనం పడేది ఆ చోటే కదా. అసలు జరిగేది దీనికి ఉల్టా. విమానాలు ఎగిరే ఎత్తులో, సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల పైన, పడమటి నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తుంది. అందుకే చెన్నై నుంచి లండన్ వెళ్లేటప్పటి కంటే తిరిగి వచ్చేటప్పుడు మామూలుగా తక్కువ సమయం పడుతుంది. కిలోమీటర్లు కాస్త పెరిగినా గాలి కలిసొచ్చే దారినే ఎంచుకోవడం మామూలే. ఇక ఏ దేశమైనా గగనతలం మూసేస్తే చుట్టు తిరగాల్సిందే. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ మన విమానాలకు దారి మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి వెళ్లేవాటికి ఆ దెబ్బ బాగా తగిలింది.

అపోహ: డైరెక్ట్ అంటే ఎక్కడా ఆగదు.

ఆగొచ్చు. ఫ్లైట్ నంబరు మారకుండా మధ్యలో దిగి ఎగిరినా డైరెక్టే. ఆగకూడదనుకుంటే ‘నాన్‌స్టాప్’ అనే అడగండి.

అపోహ: కనెక్షన్‌కు, అంటే మధ్యలో విమానం మారడానికి, గంటన్నర చాలు.

మామూలుగా అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమ్మిగ్రేషన్. సాధారణంగా బ్యాగులు కూడా అక్కడే తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఒంటరిగా వెళ్లే అమ్మకో నాన్నకో నేనైతే మూడు గంటల కంటే తక్కువ కనెక్షన్ ఇవ్వను. చవకని రెండు వేర్వేరు టికెట్లు కొనకండి: మొదటిది ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ పూచీ పడరు.