చింతగింజలూ, పది లక్షల డాలర్లూ

చి॥ సాహితికీ, చి॥ చరణ్‌కీ,

తాతయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి, మీరిద్దరూ రెండు రోజులుగా మాట్లాడుకోవడం లేదని చెప్పింది. దేనికే అంటే, టీవీలో 'ది అమేజింగ్ రేస్' పాత సీజన్ చూస్తూ, అందులో రాబ్ అనే ఆటగాడి గురించి దెబ్బలాడుకున్నారంది. తర్వాత సాహితి పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. "తాతయ్యా, రాబ్ చేసింది మోసమే కదా? అన్నయ్య తెలివంటున్నాడు, నువ్వు చెప్పు." వెనకనుంచి చరణ్ కేక కూడా వినపడింది, "రూల్ ఎక్కడ తప్పాడో చెప్పమను!" అని.

ఇద్దరు మనవల మధ్య తీర్పు చెప్పిన తాత బాగుపడ్డట్టు నేను వినలేదు. అయినా ఆ సీజన్ నేనూ చూశాను కాబట్టి రాస్తున్నాను. ఫోన్లో అయితే మధ్యలో అడ్డొస్తారు.

ఆ ఆట సంగతి నాకంటే మీకే బాగా తెలుసు. అమెరికాలో సీబీఎస్ టీవీ వాళ్లు 2001 సెప్టెంబరు 5న మొదలుపెట్టారు. ఇద్దరిద్దరు ఒక జట్టు. కవర్లో క్లూ చదువుకోవడం, చెప్పిన పని చెయ్యడం, దేశం నుంచి దేశానికి పరుగు. రౌండు చివర చాప దగ్గర ఆట నడిపించే ఫిల్ కియోగన్ కనుబొమ్మ ఎగరేసి నిలబడి ఉంటాడు. ఆఖర్న వచ్చిన జట్టు చాలాసార్లు ఇంటికి పోతుంది. చివరి గీత ముందుగా దాటినవాళ్లకి పది లక్షల డాలర్లు. నాకు బాగా తెలిసింది మాత్రం అష్టాచెమ్మా. నవ్వకండి, రెండూ ఒకటే ఆట.

మా చిన్నప్పుడు గవ్వలు కాదు, చింతగింజలు. గింజని ఒకవైపు గచ్చు మీద అరగదీస్తే తొక్క పోయి తెల్లటి పప్పు తేలుతుంది. అరగదీసిన గింజ భలే వేడిగా ఉంటుంది, పక్కవాడి మోచేతికి ఆనిస్తే ఎగిరి గంతేస్తాడు. నాలుగు గింజలు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా. కాయలు అంటే విరిగిన గాజుముక్కలు. గళ్ల చుట్టూ తిరిగి, లోపలికెళ్లి, నడిమింట్లో పండాలి. ఇంటూ గుర్తు వేసిన గడిలో కూర్చుంటే ఎవరూ చంపలేరు. మిగతా ఎక్కడున్నా వెనకనుంచి వచ్చినవాడు చంపొచ్చు, చస్తే మళ్లీ మొదటికి.

ఇప్పుడు చూడండి. చింతగింజలు అంటే ఆ రేసులో టాక్సీ డ్రైవర్లు. ఒకడికి దారి తెలిసినవాడు దొరుకుతాడు, ఇంకొకడికి ఊళ్లో నిన్ననే దిగినవాడు. ఇంటూ గడి అంటే పిట్‌స్టాప్, రౌండు చివర ఆగే చోటు. చంపడం అంటే యూ-టర్న్. రెండు పనుల్లో ఏదో ఒకటి చేస్తే చాలన్న చోట, యూ-టర్న్ పడిన జట్టు రెండూ చెయ్యాలి. అది 12వ సీజన్‌లో వచ్చింది. అంతకుముందు 5వ సీజన్‌లో 'యీల్డ్' అని పెట్టారు. ఇసుక గడియారం తిప్పేస్తారు, ఇసుకంతా జారిందాకా ఆ జట్టు గుడ్లప్పగించి నిలబడాల్సిందే. ఒక్క తేడా ఉంది. మా ఇంట్లో ఒక్క కాయనైనా చంపితేగానీ లోపలి గళ్లలోకి పోనిచ్చేవారు కాదు. అమేజింగ్ రేస్‌లో ఎవర్నీ చంపకుండానే పండొచ్చు. ఆ లెక్కన మా ఆటే క్రూరమైంది.

ఇంకో పోలిక. మా నాయనమ్మ ఆట ఆటకీ కొత్త గింజలు తెచ్చి, అందరం చూస్తుండగా అరగదీయించేది. ఎందుకో మీకు చెప్పాలంటే నా దొంగతనం ఒకటి చెప్పాలి. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ముందురోజే రెండు గింజలు పట్టుకెళ్లి మరీ లోతుగా అరగదీసుకొచ్చాను. అలా చేస్తే తెల్లవైపే పైకి పడుతుందని నా సైన్సు. పడేదో లేదో ఇప్పటికీ తేలలేదు గానీ బుద్ధి మాత్రం దొంగబుద్ధే. నాయనమ్మ నా మొహం చూసిందో, గింజలే చూసిందో, ఏమీ అనలేదు. ఆ మర్నాటినుంచి కొత్త గింజలు.

రేసు పెట్టినవాళ్లు చేసేదీ అలాంటిదే. మొదటి జట్టు అర్ధరాత్రి వచ్చి ఏదో గేటు ముందు చతికిలబడుతుంది. గేటు తెరిచేది పొద్దున. ఈలోపు వెనకున్న జట్లన్నీ వచ్చి పక్కన సంచులు దింపుతాయి. ముందున్నవాళ్లు సంపాదించుకున్న గంటలన్నీ ఆవిరి. అది అన్యాయం కాదా అని మీరు అడగొచ్చు. ముందున్నవాళ్లకి అన్యాయమే. కానీ మొదటి రౌండులో మంచి విమానం దొరికిన జట్టు ఒకటి పది గంటలు ముందుండి, చివరిదాకా అలాగే పోతే మనం చూసేదేమిటి? ఒక గింజ అదృష్టం ఆట మొత్తాన్ని తినెయ్యకుండా మధ్యమధ్యలో కొత్త గింజలు తెస్తారు. కరోనా వల్ల 33వ సీజన్ మధ్యలో ఆగి, ఏడాదిన్నర తర్వాత మళ్లీ మొదలైనప్పుడు అందర్నీ ఒకే ప్రత్యేక విమానంలో తిప్పారు. న్యాయం అయితే పెరిగింది గానీ, విమానాశ్రయంలో కౌంటర్ నుంచి కౌంటర్‌కి ఉరుకుతూ టికెట్ల కోసం బతిమాలుకునే ఆ టెన్షన్ పోయింది. నాకు అది లేకపోతే ఉప్పు లేని కూరలా అనిపించింది.

సరే, రాబ్ దగ్గరికి వద్దాం. అది 2005లో వచ్చిన 7వ సీజన్. అర్జెంటీనాలో జట్టుకి ఒకరు కూర్చుని నాలుగు పౌన్ల మాంసం తినాలి. అంటే సుమారు 1.8 కిలోలు. తినలేక వదిలేస్తే నాలుగు గంటల పెనాల్టీ. రాబ్ కొంత తిన్నాడు, కడుపు మొరాయించింది. ఒక్కడే మానేస్తే ఆఖరివాడవుతాడు. అందుకని పక్క జట్లతో మాట కలిపాడు. మీరూ ఇది తినలేరు, నాతోపాటు మీరూ మానెయ్యండి, అందరికీ అదే నాలుగు గంటలు, తర్వాత మనలో మనం తేల్చుకుందాం అని. ఇంకో రెండు జట్లు సరేనన్నాయి. రాబ్ ఆట నిలబడింది.

సాహితీ, నీకు కోపం ఎందుకొచ్చిందో నాకు అర్థమైంది. మిగతావాళ్లు కళ్లనీళ్లు పెట్టుకుంటూ ఒక్కో ముక్కా మింగుతుంటే, వీడు చేతులు తుడుచుకుని లేచాడు. కానీ చరణ్ అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. వాడు రూల్ తప్పలేదు. పెనాల్టీ అనేది ఆటలో రాసిపెట్టిన ధర. వాడు ధర చెల్లించాడు. పైగా వాడు చేసిందంతా అందరి ముందు, వినపడేట్టు చేశాడు. ఒప్పుకున్నవాళ్లు తమ లెక్క తాము చూసుకునే ఒప్పుకున్నారు.

'వినపడేట్టు' అన్నచోట ఆగుతాను. ఎందుకంటే నేను ఒకసారి వినపడకుండా చేశాను.

మా అన్నయ్య అష్టాచెమ్మాలో ఎప్పుడూ గెలిచేవాడు. నేనూ చెల్లీ పెరట్లో బాదంచెట్టు కింద ఒప్పందం చేసుకున్నాం. నా కాయ నువ్వు చంపకు, నీ కాయ నేను చంపను, అన్నయ్య కాయ ఎవరికి అందితే వాళ్లు చంపుదాం. బ్రహ్మాండంగా పనిచేసింది. అన్నయ్య కాయలు మూడుసార్లు చచ్చాయి. వాడు లేచి వెళ్లిపోయాడు. మేమిద్దరం మిగిలాం. చెల్లి ఆఖరి కాయ, ఆకుపచ్చ గాజుముక్క, లోపలికి తిరిగే మలుపుకి ఒక్క గడి ముందుంది. నేను గింజలు వేశాను. మూడు పడింది. సరిగ్గా మూడు గళ్ల ముందు దాని కాయ. చంపేశాను.

రూల్ ప్రకారం నాది తప్పే లేదు. ఒప్పందం అనే మాట అష్టాచెమ్మాలో ఎక్కడా లేదు కదా. చెల్లి ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఆ గాజుముక్కని గుప్పిట్లో పెట్టుకుని, "సరే, ఆడు" అంది. నేను గెలిచాను కూడా. తర్వాత ఎన్నేళ్లు ఆడామో! నేను ఏ బేరం పెట్టినా ఒకటే మాట అనేది: "నాయనమ్మ ముందు చెప్పు." పెళ్లిళ్లయ్యాక పొలం పంపకాల మాట వచ్చినప్పుడు కూడా, నవ్వుతూనే అనుకోండి, అదే మాట అంది. నవ్వుతూ అన్నా నాకు చురుక్కుమంది, అప్పుడే అరగదీసిన గింజ తగిలినట్టు.

అందుకే నాకు యూ-టర్న్ అంటే అంత కోపం లేదు. యూ-టర్న్ వేసినవాళ్లు తమ ఫోటో కూడా అక్కడే అంటించిపోతారు, ఎవరు చేశారో తెలిసిపోతుంది. తర్వాత 'బ్లైండ్ యూ-టర్న్' అని ఎవరు వేశారో తెలియకుండా ఉండేది కూడా తెచ్చారు చూడండి, అది నాకు నచ్చదు. 2020లో వచ్చిన 32వ సీజన్‌లో అయిదు జట్లు కట్టకట్టుకుని, ఒకళ్ల జవాబులు ఒకళ్లకి చెప్పుకున్నాయి. చివరికి మిగిలిన అయిదూ అవే. అందులోనూ రూల్ తప్పింది లేదు. కానీ పజిల్ ముందు తల పట్టుకోవాల్సిన మనిషి పక్కవాణ్ని అడిగి రాసేసుకుంటుంటే, నేను పరీక్ష హాల్లో ఇన్విజిలేటర్‌గా కూర్చున్నట్టనిపించింది. సోఫాలోంచి రెండుసార్లు లేచాను.

మళ్లీ 7వ సీజన్. మీరు చివరి ఎపిసోడ్ దాకా చూశారో లేదో, చూడకపోతే ఈ పేరా వదిలేసి కిందకి పోండి. ఆ సీజన్‌లో ఉచెన్నా, జాయిస్ అని ఒక దంపతులున్నారు. చివరి రౌండుకి ముందు ఆఖర్న వచ్చారు. ఇంటికి పంపలేదు గానీ, డబ్బూ సంచులూ అన్నీ తీసేసుకున్నారు. కట్టుబట్టలతో, దారిన పోయేవాళ్లని అడుక్కుంటూ ముందుకొచ్చారు. చిట్టచివర ఫ్లోరిడాలో, గీత దగ్గరికొచ్చాక టాక్సీ బాడుగకి డబ్బు తక్కువైంది. వెనక రాబ్ జట్టు వస్తోంది. పది లక్షల డాలర్లు కొద్ది అడుగుల దూరంలో ఉన్నాయి. టాక్సీవాడికి బాకీ పెట్టి పరుగెత్తకూడదు. ఇద్దరూ రోడ్డు మీద నిలబడి అటూ ఇటూ పోయేవాళ్లని చిల్లర అడిగారు. డబ్బు చేతిలో పెట్టి, అప్పుడు పరుగెత్తారు. గెలిచారు. ఆ కాసేపూ టీవీ ముందు నేను కూడా జేబు తడుముకున్నానని మీ అమ్మమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

చరణ్ ఇప్పుడు ఊరుకోడని నాకు తెలుసు. "మరి ప్యూర్టోరికో విమానం సంగతో?" అంటాడు. నిజమే. రాబ్, అతని జోడీ ఆంబర్ అప్పటికే విమానంలో ఉన్నారు. తలుపు మూసి, ఎక్కే వంతెన వెనక్కి లాగేశారు. ఈ దంపతులు గేటు దగ్గర బతిమాలుతున్నారు. పైలట్ సరేనన్నాడు, వంతెన మళ్లీ ముందుకొచ్చింది, ఎక్కేశారు. లాగేసిన వంతెన తిరిగి రావడం నేనెక్కడా చూడలేదు. మీరు ఆట పెట్టినవాళ్లయితే ఏం చేస్తారు? పైలట్ దయ చూపించకూడదని రూల్ రాస్తారా? నాయనమ్మ ఉంటే ఏమనేదో చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ నా అష్టాచెమ్మా పోలిక చిరిగిపోయింది. గింజలకి మనసుండదు, పైలట్‌కి ఉంటుంది.

రాబ్ చేసింది తెలివా మోసమా అన్నది మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి, నేను మాత్రం వచ్చే ఎపిసోడ్‌కి ఒక పని చెప్తాను. పాట హోరెత్తిపోతూ, రెండు జట్లు పక్కపక్కనే పరుగెడుతున్నట్టు ఒకసారి వీళ్లనీ ఒకసారి వాళ్లనీ చూపిస్తారు కదా? అప్పుడు సౌండ్ తీసేయండి. మొహాలు చూడకండి. నేల మీద నీడలు చూడండి. ఒక జట్టు నీడ కాళ్ల కిందే ముద్దగా ఉంటే, ఇంకో జట్టు నీడ రోడ్డు దాటి అవతలి గోడ ఎక్కి ఉంటుంది. పక్కపక్కనే ఉన్నారనుకున్న వాళ్ల మధ్య సగం రోజు ఉందన్నమాట. నేను మొదటిసారి అది పట్టుకున్నప్పుడు రిమోట్ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఒకళ్లు నీడలు చూడండి, ఒకళ్లు కాగితం మీద రాయండి. దానికి మాత్రం మాట్లాడుకోక తప్పదు. రాసింది నాకు పంపండి.

మీ తాతయ్య