నాలుగు వాద్యాల్లో భూమి వేడి

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

వాతావరణ శాస్త్రజ్ఞుల లెక్కలతో సంగీతం ఎలా కడతారని అడిగారు కనుక, నాకు బాగా నచ్చిన ఒక ఉదాహరణ పట్టుకుని వివరంగా రాస్తున్నాను. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో డేనియల్ క్రాఫర్డ్ అనే యువకుడు, అక్కడి భూగోళశాస్త్ర ఆచార్యుడు స్కాట్ సెయింట్ జార్జ్‌తో కలిసి, 2013లో ఒంటి చెల్లో (వయొలిన్ జాతికి చెందిన, మంద్రంగా పలికే పెద్ద తీగవాద్యం) మీద వాయించే ఒక రచన చేశాడు. 1880 నుంచి 2012 వరకు భూమి సగటు ఉష్ణోగ్రతలను నాసా వారి గొడ్డార్డ్ సంస్థ లెక్కగట్టిన పట్టికే దానికి ఆధారం. ఏడాదికి ఒక స్వరం. చల్లని ఏడాదికి కింది స్వరం, వేడి ఏడాదికి పై స్వరం.

అతను పెట్టుకున్న నిబంధనను కాస్త దగ్గరగా చూడండి. అప్పటి పట్టికలో అన్నిటికంటే చల్లనిదైన 1909కి చెల్లోలోని అతి మంద్రమైన స్వరాన్ని ఇచ్చాడు. అక్కడినుంచి సుమారు 0.03 డిగ్రీల సెల్సియస్ పెరిగినప్పుడల్లా ఒక స్వరస్థానం పైకి ఎక్కాడు. స్థాయికి, అంటే ఒక షడ్జం నుంచి పై షడ్జం వరకు, 12 స్వరస్థానాలు కదా, మూడు స్థాయిలకు 36 మెట్లు, అంటే ఒక డిగ్రీకి కొంచెం పైన. నూట ముప్పై ఏళ్ళకు పైబడిన మార్పంతా ఆ మూడు స్థాయిల్లో ఇమిడిపోయింది. భూమి మరో 1.8 డిగ్రీలు వేడెక్కితే ఇదే లెక్కన ఇంకో 60 మెట్లు, ఐదు స్థాయిలు ఎక్కాలి. చెల్లో మంద్ర స్వరం సెకనుకు దాదాపు 65 కంపనాలు. స్థాయి పెరిగినప్పుడల్లా అది రెట్టింపవుతుంది కనుక ఎనిమిది స్థాయిల పైన అది 16,000 దాటుతుంది. ఏ చెల్లో కూడా అంత ఎత్తుకు వెళ్ళలేదు. ఆ స్వరం మీ చెవులకు అందవచ్చు గాని, నా వయసువాళ్ళకు అందదు.

మెట్టుకు 0.03 బదులు 0.1 డిగ్రీ అని పెట్టుకుని ఉంటే ఇదే పట్టిక ఒక్క స్థాయి లోపలే ముగిసిపోయేది, వినేవాళ్ళకు పెద్ద తేడా తెలిసేది కాదు. అందుకే ఇలాంటి సంగీతం విన్నప్పుడు బాగుందా లేదా అన్నదానికంటే ముందు, ఏ కొలతలు తీసుకున్నారు, మెట్టుకు ఎంత అని నిర్ణయించారు అన్నది అడగాలని నా గట్టి అభిప్రాయం.

2015లో వచ్చిన రెండో రచన స్ట్రింగ్ క్వార్టెట్, అంటే రెండు వయొలిన్లు, వయొలిన్‌కంటే కాస్త పెద్దదైన ఒక వయోలా, ఒక చెల్లో కలిసి వాయించేది. పెద్ద వాద్యబృందం, దాన్ని నడిపే నిర్వాహకుడు లేకుండా, కొద్దిమందే ఒకరినొకరు వింటూ తలా ఒక భాగం వాయించే పాశ్చాత్య చాంబర్ మ్యూజిక్ సంప్రదాయంలో ఇది ముఖ్యమైన రూపం. ఇందులో చెల్లోది భూమధ్యరేఖా ప్రాంతం, వయోలాది మధ్య అక్షాంశాలు, వయొలిన్లలో ఒకటి ఉన్నత అక్షాంశాలను, మరొకటి ఉత్తర ధ్రువ ప్రాంతమైన ఆర్కిటిక్‌ను అనుసరిస్తుంది. 1880 నుంచి 2014 దాకా నలుగురూ ఏడాదికో స్వరం చొప్పున నడుస్తారు. గ్రాఫులో ఈ సంగతంతా ఒక్క చూపులో తెలిసిపోతుంది, నిజమే. కానీ సంగీతంలో ఏ ఏడాదినీ దాటవేయలేం, వరుసగా కూర్చుని వినవలసిందే.

చివరి భాగంలో ఆర్కిటిక్ వయొలిన్ ఎంతగా పైకి పోతుందో గమనించండి. 1979 తర్వాత ఆర్కిటిక్ భూమి సగటుకంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. తెల్లని మంచు తన మీద పడిన ఎండలో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపుతుంది. అది కరిగి నల్లని సముద్రం బయటపడితే ఆ ఎండను నీరే తాగేస్తుంది, ఆ వేడికి మరికొంత మంచు కరుగుతుంది. పైగా ఎక్కే దారి తిన్ననిది కాదు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినాటుబో అగ్నిపర్వతం బద్దలై, దాదాపు కోటిన్నర టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను ఆకాశంలోకి చిమ్మినప్పుడు 1992లో భూమి కాస్త చల్లబడింది. చెల్లో రచనలో అక్కడ స్వరం దిగుతుంది.

ఏడాదికి ఒక్క స్వరమే అయినప్పుడు పోయేది కూడా ఉంది. 2015 మే నెలలో వడగాడ్పులకు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. ఆ సంవత్సరాన్ని కూడా రచనలో చేర్చినా అది ఒక్క స్వరంగానే వినిపించేది. ఆ నెల, ఆ ఎండ సగటులో కలిసిపోయేవి. తీవ్ర వాతావరణాన్ని వినిపించాలంటే నెలవారీ, రోజువారీ కొలతలు కావాలి. జపాన్ శాస్త్రవేత్త హిరోటో నగాయ్ ధ్రువ ప్రాంతాల్లోని నాలుగు చోట్ల 1982 నుంచి 2022 వరకు నమోదైన వివరాలతో కట్టిన క్వార్టెట్‌లో నెలవారీ లెక్కలే వాడారు, ఆపైన అక్కడక్కడ స్వరాలు తీసేసి, లయ మార్చి, తన చేయి కూడా కలిపారు. అది సంగీతంగా మరింత నిండుగా ఉంటుంది. లెక్కగా వినాలంటే మాత్రం నాకు క్రాఫర్డ్ పద్ధతే ఇష్టం.

మీరూ చేయవచ్చు. మీ ఊరి వర్షపాతం పట్టిక తెచ్చుకుని, మెట్టుకు ఎన్ని మిల్లీమీటర్లో ముందే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే హార్మోనియం ముందు కూర్చోండి. వినసొంపుగా లేదని మధ్యలో నిబంధన మార్చకండి. కట్టింది నాకు పంపేటప్పుడు పట్టికను కూడా జతచేయండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య