తోటలో పసుపు స్తంభం గురించి

చిన్నీ, బాబీ,

మొన్న వేసవిలో మన కొబ్బరితోట గట్టు మీదున్న పసుపు స్తంభాన్ని చూసి "తాతయ్యా, ఇందులో కరెంటుందా, ముట్టుకుంటే షాక్ కొడుతుందా?" అని అడిగారు. నేను గొంతు సవరించుకునేలోపే అమ్మమ్మ మామిడిపళ్లు కోసిందని పరుగెత్తారు. ఫోన్లో చెబితే సగమే వినబడుతుంది, అందుకే రాస్తున్నాను.

కరెంటుంది. ఆ స్తంభం దగ్గర భూమిలో గ్యాసు మోసే ఉక్కు పైపు పోతుంది, ఆ కరెంటు దానికోసమే. కానీ పైపుకీ మట్టికీ మధ్య తేడా ఒక వోల్టు అటూ ఇటూ, మీ టీవీ రిమోట్ బ్యాటరీ కంటే తక్కువ. తడి నేలలో ఇనుము తన ఎలక్ట్రాన్లు వదిలేసుకుంటూ కరిగిపోతుంది, అదే తుప్పు. ఆ ఎలక్ట్రాన్లేవో బయటినుంచి మనమే పంపిస్తుంటే అది తనవి వదలక్కర్లేదు. దీన్నే సీపీ, అంటే కాథోడిక్ ప్రొటెక్షన్ అంటారు. ఆ స్తంభంలో పైపుకి అతికించిన తీగ చివర ఉంటుంది. పక్కన నేల మీద చెంబుడు నీళ్లు పోసి, మైలుతుత్తం నీళ్లున్న హాఫ్ సెల్, అంటే కొలతకి ఆధారంగా పెట్టుకునే రాగికడ్డీ గొట్టం, నిలబెట్టి మీటరు చూసేవాళ్లం. మైనస్ 850 మిల్లీవోల్టులో, ఇంకా మైనస్ వైపో ఉంటే పైపుకి రక్షణ చాలినట్టే, బుక్కులో టిక్కు పెట్టి టీకి వెళ్లిపోయేవాళ్లం.

ఆ టిక్కుతోనే వచ్చింది చిక్కు. పైపుకి కరెంటుతో పాటు చొక్కాలా కోటింగ్ కూడా ఉంటుంది, పాత లైన్లకి ప్లాస్టిక్ టేపు చుట్టేవారు. మన రేగడి వానలకి ఉబ్బి, కాలవలు కట్టేశాక నెర్రెలిస్తుంది కదా, ఏటా ఆ లాగుడికి టేపు ముడతలు పడి వదులవుతుంది. చిరిగిపోతే నాకంత బెంగ లేదు, చిరుగు దగ్గరికి కరెంటు నేరుగా చేరుతుంది. చిరగకుండా వదులైతేనే భయం. సందులోకి నీళ్లు దూరతాయి, ప్లాస్టిక్ అడ్డం కాబట్టి కరెంటు సగం సగమే దూరుతుంది, పైన మీటరేమో మంచి రీడింగే చూపిస్తుంది!

ఆ కొద్ది కరెంటుకి నీళ్లు క్షారమవుతాయి, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి కార్బనేట్, బైకార్బనేట్ నీళ్లుగా మారతాయి, పీహెచ్ 9 దాటుతుంది. లోపల గ్యాసు ఒత్తిడికి పైపు గోడ ఎప్పుడూ లాగిపట్టినట్టే ఉంటుంది. మీటరు లెక్కలో మైనస్ 600, 750 మిల్లీవోల్టుల మధ్య చిక్కుకున్న చోట ఉక్కు మీద పల్చటి పొర కడుతుంది, లాగుడికి చిట్లుతుంది, చిట్లిన చోట కాస్త కరుగుతుంది, మళ్లీ పొర కడుతుంది, మళ్లీ చిట్లుతుంది, ఇలా ఏళ్ల తరబడి ఉక్కులోని సన్న రేణువుల సందుల వెంట పగులు లోపలికి పాకుతుంది. గ్యాసుని ఒత్తి ముందుకు తోసే కంప్రెసర్ దాటాక గ్యాసు వేడిగా ఉంటుంది, అక్కడ మరీ త్వరగా. 1965 మార్చిలో అమెరికాలోని లూసియానాలో ఇలాంటి పగులుకే లైను పేలి 17 మంది పోయారు. కరెంటు బొత్తిగా అందని సందుల్లో ఇంకో రకం పగులుంది, అది రేణువుల్నే చీల్చుకుపోతుంది. దాన్ని 1980లలో కెనడా టేపు లైన్ల మీద గుర్తించారు.

2014 జూన్ 27న మన నగరం అనే ఊళ్లో గ్యాసు లైను పేలింది ఇలాంటి పగులువల్ల కాదు. అక్కడ పైపులో చేరిన నీళ్లతో లోపలివైపే తుప్పు తినేసింది. లోపలి తుప్పుని బయటి కరెంటు ఆపలేదు.

ఒకసారి వరిచేలో గొయ్యి తవ్వించి టేపు విప్పితే కింద సున్నం పూసినట్టు తెల్లటి ముద్ద. ఎర్ర లిట్మస్ తగిలిస్తే నీలమైంది. ఆ చోటికి నాలుగేళ్లుగా టిక్కు పెట్టింది నేనే. పైపు తళతళలాడేదాకా రుద్ది, తెల్ల పెయింట్ కొట్టి, అయస్కాంతం ఆనించి నల్ల ఇంకు చల్లాం. పగులుంటే ఇంకులోని ఇనుప పొడి దాని మీద చేరి గీతలా కనబడుతుంది. ట్రైనింగ్‌లో చూపించిన ముక్క మీద పదులకొద్దీ గీతలు, దువ్వెనలో చిక్కిన వెంట్రుకల్లా, అన్నీ పైపు పొడవునే. బురదలో మోకాళ్ల మీద కూచుని టార్చి వేసి చూశాను, టెన్షన్‌తో చెయ్యి వణికింది. ఒక్క గీతా రాలేదు. కొత్త కోటింగ్ వేసి పూడ్చేశాం.

అప్పట్నుంచి టిక్కు పక్కన అక్కడ ఏ కోటింగో కూడా రాసేవాణ్ణి. మన తోటలో లైనుకి టేపు కాదు, ఫ్యాక్టరీలోనే వేడి పైపు మీద అంటించిన ఎపాక్సీ, అది వదులైనా కరెంటుని లోపలికి రానిస్తుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మీటరు నేను తెస్తాను, నీళ్ల చెంబు మీరు పట్టుకురండి.

మీ తాతయ్య