కావలి ఫెయిలైన సంవత్సరం 1957

కోవూరు నుంచి పదో తరగతి అబ్బాయొకడు అడిగాడు: "సార్, మూలకాల సంకేతాలతో మా ఊరి పేరు రాయొచ్చా?" ఇంగ్లీషు స్పెల్లింగ్‌తో మొదలుపెడితే కే పొటాషియం, ఓ ఆక్సిజన్, వీ వెనేడియం, యూ యురేనియం దాకా బాగానే వచ్చి ఆర్ దగ్గర ఆగిపోయాం. ఆర్ అనే ఒంటి అక్షరంతో మూలకం లేదు, యూఆర్ కూడా లేదు. అంటే ఇంగ్లీషులో 'ఊర్' అని ముగిసే మన ఊళ్లన్నీ ఒక్క దెబ్బకి ఫెయిల్. అదే మనం పలికినట్టు చివర యూ కూడా రాస్తే ఆర్‌యూ, అంటే రుథీనియం, కోవూరు పాస్! డబ్బులు తీసుకుని పేర్లో అక్షరం కలిపే న్యూమరాలజీ వాళ్లకంటే మనమే నయం, ఎందుకు కలిపామో మనకి తెలుసు.

ఈ సంకేతాల పద్ధతి పెట్టిన బెర్జీలియస్ కథ పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది, వదిలేద్దాం. నాకు సరదా వేరేచోట ఉంది. ఉన్న 118 మూలకాల్లో 14టికి ఒంటి అక్షరం, మిగతావాటికి రెండేసి. ఒంటి అక్షరాన్ని లఘువు అనుకోండి, జంట అక్షరాల్ని గురువు అనుకోండి. పేరులో ఎన్ని అక్షరాలుంటే అన్ని మాత్రలు. ఇక ఇది అచ్చంగా ఛందస్సే. ఇన్ని మాత్రల్ని లఘుగురువులుగా ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో విరహాంకుడు, హేమచంద్రుడు లాంటి మన ఛందశ్శాస్త్రకారులు ఎప్పుడో లెక్కగట్టేశారు: 1, 2, 3, 5, 8, 13, అలా ప్రతి సంఖ్యా ముందున్న రెండింటి మొత్తం. చివర లఘువు పెడితే మిగిలేవి ఒక మాత్ర తక్కువ, గురువు పెడితే రెండు తక్కువ, ఆ రెండు లెక్కలూ కలిపితే జవాబు. 1202లో ఇటలీలో ఫిబొనాచి కుందేళ్లతో చెప్పిందీ ఈ వరుసే.

ఇప్పుడు కృష్ణపట్నం చూడండి. ఇంగ్లీషులో 13 అక్షరాలు, 13 మాత్రలకి 377 విడుపులు, వాటిలో మూలకాలతో నిలిచేది ఒకే ఒక్కటి: కేఆర్ క్రిప్టాన్, ఐ అయోడిన్, ఎస్ గంధకం, హెచ్ హైడ్రోజన్, ఎన్ఏ సోడియం, పీ భాస్వరం, ఏటీ ఆస్టటీన్, ఎన్ నైట్రోజన్, ఏఎం అమెరీషియం. చివర్లో గురువు కనబడింది కదా అని ఎన్ఏ సోడియం తీసుకున్నారో, ఎం ఒంటరిగా మిగిలిపోతుంది. వెనక్కొచ్చి అక్కడ లఘువు వేసుకోవాలి, అప్పుడే చివరి గురువు కుదురుతుంది. ప్రోగ్రామ్‌లు రాసేవాళ్లు దీన్నే బ్యాక్‌ట్రాకింగ్ అంటారు. ఈ లెక్కన 'పట్నం' ముక్క ఎక్కడైనా పాసే, 'పల్లి' కూడా (భాస్వరం, అల్యూమినియం, లిథియం). పురం, పాలెం ఎన్నిసార్లు రాసినా ఫెయిలే.

కాకపోతే ఈ కృష్ణపట్నం ఎక్కువసేపు నిలవదు. ఆస్టటీన్ ఐసోటోపుల్లో (అదే మూలకం, బరువు వేరైన పరమాణువులు) అన్నిటికంటే ఎక్కువకాలం ఉండే ఆస్టటీన్-210 అర్ధజీవితం, అంటే సగం పరమాణువులు మారిపోవడానికి పట్టే సమయం, దాదాపు 8 గంటలు, దాదాపు అంతా పొలోనియం-210గా మారుతుంది. పొలోనియం సంకేతం పీఓ. పొద్దున కృష్ణపట్నం అని రాసిపెడితే సాయంత్రానికి సగం 'కృష్ణప్పోనం' అయిపోతుంది!

నెల్లూరు రెండు ఎల్‌ల దగ్గర, ఒంగోలు జీ దగ్గర పోయాయి. శ్రీహరికోట (2022లో తిరుపతి జిల్లాకి వెళ్లినా మాకది నెల్లూరే) దర్జాగా పాస్, పైగా క్రయోజెనిక్ ఇంజన్లో మండే హైడ్రోజన్, ఆక్సిజన్ రెండూ ఆ పేరులోనే ఉన్నాయి. పులికాట్ రెండు రకాలుగా పాస్: ప్లుటోనియంతో ఒకటి, భాస్వరం యురేనియంలతో ఒకటి. పాపం ఫ్లెమింగోలకి తెలీదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ప్రకాశం. 34 విడుపుల్లో ఒక్కటే నిలుస్తుంది: భాస్వరం, రేడియం, పొటాషియం, ఆర్సెనిక్, అమెరీషియం. ఒక జగణం (లఘువు, గురువు, లఘువు), వెనక గగం (రెండు గురువులు). మొదటి రెండూ వెలుగుతో ముడిపడ్డవే కావడం ఉత్త కాకతాళీయం, కానీ ఎంత బావుంది! తెల్ల భాస్వరం గాలిలోని ఆక్సిజన్‌తో నెమ్మదిగా కలుస్తూ చీకట్లో తనే వెలుగుతుంది. రేడియం నుంచి వచ్చే ఆల్ఫా కణాలు జింక్ సల్ఫైడ్‌కి తగిలి దాన్ని వెలిగిస్తాయి, పాత గడియారాల ముళ్లకి పూసింది ఆ మిశ్రమమే. మన బైకుల వెనక అతికించే 'రేడియం' స్టిక్కర్లో మాత్రం రేడియం ఆనవాలే ఉండదు, హెడ్‌లైట్ వెలుగుని వచ్చిన దారినే తిప్పి పంపుతుందంతే.

సంకేతాలు బట్టీ పట్టించే టీచర్లు ఓ పీరియడ్ ఈ ఆట ఆడిస్తే, సోడియంకి ఎన్ఏ ఏంటని పిల్లలే గొడవ పెట్టుకుంటారు.

ఇక కావలి. ఇప్పటి పట్టికలో ఫెయిల్, ఏ అనే ఒంటి సంకేతం లేదు కాబట్టి. కానీ ఒకప్పుడు ఆర్గాన్ సంకేతం ఉత్త ఏ. అప్పట్లో కావలి అంటే పొటాషియం, ఆర్గాన్, వెనేడియం, ఆర్గాన్, లిథియం. 1957లో దాన్ని ఏఆర్ చేశారు, కావలి లఘువు పోయింది. ఆ మొదటి రెండు అక్షరాల జంట మామూలుది కాదు. పొటాషియం-40 అర్ధజీవితం 125 కోట్ల సంవత్సరాలు, మారేవాటిలో నూటికి 11 పరమాణువులు ఆర్గాన్-40 అవుతాయి, మిగతావి కాల్షియం. గాలిలో ఉన్న దాదాపు 1 శాతం ఆర్గాన్ ఇలా పుట్టిందే. నెల్లూరు అభ్రకంలో పొటాషియం దండిగా ఉంటుంది. అభ్రకం పొరల్లో చిక్కుకుపోయిన ఆర్గాన్‌ని, మిగిలిన పొటాషియంని కొలిచి ఆ ఖనిజం ఎప్పుడు చల్లబడిందో చెప్తారు. అభ్రకం గనులకి పేరుపడ్డ గూడూరు మాత్రం మొదటి అక్షరం జీ దగ్గరే ఫెయిల్.