జిరాక్స్ మెషీన్ ముందు ఇద్దరు

ఫోన్‌లో ఫొటోలు ఎలా దాచుకుంటారని అడిగితే ఎవరైనా రెండు ముక్కల్లో చెప్పేస్తారు. ఏదీ, చేసి చూపించండి అంటే అసలు సంగతి బయటపడుతుంది. పాస్‌వర్డ్ రాసుకున్న కాగితం కోసం సొరుగు వెతుకుతారు. తమకు తామే మెసేజ్ పంపుకుని ఫొటోను అందులో దాస్తారు. చేతికి అలవాటైన పని నోటికి తట్టదు మరి! అందుకే డిజైనర్లు ప్రశ్నపత్రం పక్కనపెట్టి, మనుషులు పనిచేసుకునే చోటికే వెళ్లి కూర్చుంటారు.

1980ల్లో జిరాక్స్ సంస్థ తెచ్చిన ఒక కాపీ యంత్రం వాడటం కష్టంగా ఉందని ఫిర్యాదులొచ్చాయి. ఆ సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రంలో పనిచేసిన మానవశాస్త్రవేత్త లూసీ సచ్‌మన్, తెర మీద సూచనలిచ్చే కాపీ యంత్రం ముందు కొత్తవాళ్లను ఇద్దరిద్దరిగా నిలబెట్టి వీడియో తీశారు. ఇద్దరిని పెట్టడంలోనే ఉంది తెలివంతా. ఒక్కరే అయితే లోలోపల తికమకపడి ఊరుకుంటారు. తోడుంటే "ఇదేంటి, మళ్లీ అదే అడుగుతోంది?" అని పైకి అనేస్తారు.

ఆ వీడియోలో జరిగినదంతా ఆమె నాలుగు గడుల పట్టికలో రాశారు. మనుషులు చేసినవాటిలో యంత్రానికి తెలియనివి ఒక గడిలో, తెలిసినవి రెండో గడిలో. యంత్రం వాళ్లకు చూపించినవి మూడో దాంట్లో, దాని వెనక డిజైన్ ఉద్దేశం నాలుగో దాంట్లో. వాళ్ల చర్చ, సందేహం, గొణుగుడు అన్నీ మొదటి గడిలోనే మిగిలిపోయాయి. యంత్రానికి అందినవల్లా నొక్కిన బటను, ఎత్తిన మూత లాంటివే. పోనీ వాడేవాళ్లకే తెలివి చాలలేదందామా? కృత్రిమ మేధలో దిగ్గజమైన అలెన్ న్యూవెల్ కూడా జిరాక్స్ యంత్రం ముందు తంటాలు పడ్డ వీడియో ఉంది.

ఇలా పక్కన కూర్చుని గమనించడానికి డిజైన్ పరిశోధకులు కేరెన్ హోల్ట్‌జ్‌బ్లాట్, హ్యూ బేయర్ చూపిన దారి శిష్యరికం. పనిచేసేవారు గురువు, డిజైనర్ శిష్యుడు. "ఇప్పుడెందుకు వెనక్కి వెళ్లారు?" అని అక్కడికక్కడే అడగాలి. సాయంత్రానికి జ్ఞాపకం ఓ చక్కటి కథ అల్లేస్తుంది. తనకు అర్థమైనది పైకి చెప్పి, తప్పుంటే దిద్దమనాలి కూడా. తొందరలో చాలామంది వదిలేసేది ఇదే, నా దృష్టిలో ప్రాణమూ ఇదే.

రోజంతా వెంట తిరగలేని చోట డైరీ రాయిస్తారు. 1970ల్లో మనస్తత్వవేత్త మిహాయ్ చిక్సెంట్‌మిహాయ్ బృందమైతే పేజర్లు (కబురు రాగానే మోగే చిన్న పరికరాలు) ఇచ్చి, అవి మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో రాయించింది.

అనుమతి తీసుకోవడం, తెర మీద కనబడే ఇతరుల సందేశాలు రాసుకోకపోవడం తప్పనిసరి. అంతకన్నా కష్టమైనది, ఎదుటివారు బటను కోసం వెతుకుతుంటే వేలు పెట్టకుండా ఉండటం. సాయం అడిగితే "నేను లేకపోతే ఏం చేసేవారు?" అంటారు అనుభవజ్ఞులు. ఎవరిని పిలిచేవారో, ఏ పని సగంలో వదిలేసేవారో అప్పుడు తెలుస్తుంది.